ఎత్తు ఎవరి మీద వేసిందో చూడండి: ఆఫ్రికా జంతు కథలు పిల్లలకు చెప్పే పద్ధతి

ఆఫ్రికా జంతు కథలు చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఒకే చోట తడబడతారు. కథ బాగానే నడుస్తుంది, పిల్లలు నోరు తెరుచుకుని వింటారు. తీరా చివరికి వచ్చేసరికి చెప్పేవాళ్లకు భయం పట్టుకుంటుంది. ఇన్ని అబద్ధాలాడిన సాలీడు గెలిచింది కదా, పిల్లలకు ఏం నేర్పినట్టు? ఆ కంగారులో 'కాబట్టి పిల్లలూ, అబద్ధం ఆడకూడదు' అని ఒక వాక్యం అతికిస్తారు. కథ ఒక మాట చెబుతుంటే ఆ అతుకు ఇంకో మాట చెబుతుంది. పిల్లలు ఇట్టే పసిగడతారు.

ఈ కథల్లో నీతికి కొదవ లేదు. దాన్ని వెతకవలసిన చోటు వేరు. ఏ జంతువు ఎత్తు వేసింది, ఎవరి మీద వేసింది, దేనికోసం వేసింది అన్న మూడు ప్రశ్నల దగ్గర అది దొరుకుతుంది. ఆ మూడూ ముందే తేల్చుకుని కూర్చుంటే చివర్లో అతుకు వేయవలసిన అవసరమే రాదు.

కథ ఎవరిదో ముందు తెలుసుకోండి

ఆఫ్రికాలో 54 దేశాలున్నాయి, వెయ్యికి పైగా భాషలున్నాయి. 'అనగనగా ఆఫ్రికాలో ఒక సాలీడు' అనడం 'అనగనగా ఆసియాలో ఒక నక్క' అన్నట్టే ఉంటుంది. కథ ఏ జాతి వాళ్లదో, ఏ ప్రాంతానిదో ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. చెప్పలేకపోతే ఆ కథను ఇంకా ఎంచుకోనట్టే లెక్క.

ఘానాలోని అకాన్ల కథల్లో జిత్తులమారి సాలీడు, పేరు క్వాకు అనాన్సే. క్వాకు అంటే బుధవారం పుట్టిన మగబిడ్డ. అకాన్లు పిల్లలకు పుట్టిన వారాన్ని బట్టి పేరు పెడతారు, సాలీడుకీ అదే మర్యాద దక్కింది. ఈ ముక్క కథకు ముందే చెప్పండి. పిల్లలు తాము ఏ వారం పుట్టామో లెక్కలు వేసుకుంటారు, ఈలోగా సాలీడు వాళ్లకు ఇరుగుపొరుగు మనిషైపోతుంది. భార్య పేరు అసో, కొడుకు పేరు న్టికుమా, ఆకాశ దేవుడు న్యామే. అకాన్లు తమ కథలన్నిటినీ, సాలీడు కనిపించని వాటిని కూడా, 'అనాన్సేసెమ్' అనే అంటారు, అంటే సాలీడు కథలని.

ఉత్తర నైజీరియాలోని హౌసాల దగ్గర కూడా సాలీడే. అక్కడ దాని పేరు గిజో, భార్య కోకి. నైరుతి నైజీరియాలోని యొరూబాల దగ్గరికి వస్తే జిత్తులమారి తాబేలు, పేరు ఇజాపా, భార్య యాన్నిబో. వాళ్లకు తూర్పున ఉండే ఇగ్బోల కథల్లోనూ తాబేలే, పేరు ఎంబే. సెనెగల్‌లోని వొలోఫ్‌ల నుంచి తూర్పు తీరంలోని స్వాహిలీల దాకా, కింద మలావీ, జింబాబ్వేల దాకా గడ్డి మైదానాలున్న చోట్ల ఎక్కువగా కుందేలు రాజ్యమేలుతుంది. వొలోఫ్‌లు ల్యూక్ అంటారు, స్వాహిలీలో సుంగురా, చెవా భాషలో కలూలు, షోనాలో త్సురో. దక్షిణాన జూలూలకు ముంగిస జాతి చకిజానా ఉంది. సాన్ ప్రజల కాగ్గెన్ మాంటిస్ పురుగు రూపంలో కనబడే జిత్తులమారి, లోకంలో జంతువులను పుట్టించినవాడు కూడా అతనే. అతణ్ణి వట్టి కోతిచేష్టల పాత్రగా చెబితే వాళ్ల నమ్మకాన్ని చిన్నబుచ్చినట్టవుతుంది.

ఒకే జంతువు ఊరు మారితే పాత్ర మారుతుందని మర్చిపోకండి. యొరూబా కథల్లో తాబేలు మోసగాడు. కుందేలు కథలు చెప్పుకునే చాలా చోట్ల అదే తాబేలు నిదానస్థుడు, కుందేలును పట్టిచ్చేది తనే. రెండు ప్రాంతాల కథలు ఒకే పూట చెబితే పిల్లలు గందరగోళపడతారు. ఒకసారి కూర్చున్నప్పుడు ఒక జాతి కథలే చెప్పండి.

తెలుగులోకి తెచ్చేటప్పుడు జారే చోట్లు

అన్నిటికంటే పెద్ద పొరపాటు హైనా దగ్గర జరుగుతుంది. నక్క అని రాసేస్తారు. పంచతంత్రం విన్న చెవికి నక్క అంటే తెలివి, మంత్రాంగం. ఆఫ్రికా కథల్లో హైనాది సాధారణంగా నేరుగా వ్యతిరేకమైన గుణం: తిండియావ, ఓపిక లేకపోవడం, చెప్పింది నమ్మేయడం. నక్క అన్న మరుక్షణం పిల్లలు అది ఏదో తెలివైన పని చేస్తుందని ఎదురుచూస్తారు, కథ తలకిందులవుతుంది. దుమ్ములగొండి అనండి. పేరులోనే దుమ్ములు ఉన్నాయి, అంటే ఎముకలు. ఆ జంతువు గుణం పేరుతోనే చెప్పేసినట్టవుతుంది.

చిరుతను కుదించి 'పులి' అనకండి, ఆఫ్రికా అడవుల్లో పెద్దపులి లేదు. ఎలుగుబంటి కూడా ఈ కథల్లోకి రాకూడదు. తాబేలు అన్నప్పుడు చెరువు తాబేలు కాదు, నేల మీద తిరిగే మెట్ట తాబేలు అని ఒకసారి చెప్పండి, లేకపోతే కింద వచ్చే కథలో అది ఆకాశం నుంచి పడ్డప్పుడు 'నీళ్లలో పడొచ్చు కదా' అని ఎవరో ఒకరు అడుగుతారు. పశ్చిమ ఆఫ్రికా కథల్లో ముఖ్యమైన దుంప పెండలం. చిలగడదుంప అని రాస్తే వేరే పంట అవుతుంది, కర్రపెండలం కూడా వేరే. నీళ్లు తెచ్చేది ఎండిన సొరబుర్రలో. జింక అన్న మాటకు మాత్రం ఢోకా లేదు, అక్కడి యాంటిలోప్ జాతులకు అది చక్కగా సరిపోతుంది.

తెలిసిన కథలాంటిది దొరికితే దాన్ని తొక్కిపెట్టకండి, వాడుకోండి. స్వాహిలీలో కోతి, సొరచేప కథ ఒకటుంది. 1870లో అచ్చయిన స్వాహిలీ కథల సంపుటంలోనే కనిపిస్తుంది. కోతి రోజూ చెట్టు మీంచి పండ్లు విసురుతుంది, సొరచేప స్నేహం చేస్తుంది, గుండెకాయ కోసం వీపు మీద ఎక్కించుకుపోతుంది, కోతి 'అయ్యో, గుండె చెట్టు మీదే వదిలేశాను' అంటుంది. మన మొసలి కథే. పంచతంత్రం అరబ్బీలోకి వెళ్లింది, అరబ్బు వర్తకులకూ ఆ తీరానికీ శతాబ్దాల రాకపోకలున్నాయి. నదిలోని మొసలి సముద్రపు ఒడ్డుకు చేరి సొరచేపైపోయింది. కాస్త పెద్ద పిల్లలకు ఈ రెండూ పక్కపక్కన చెబితే కథ ప్రయాణం చేస్తుందన్న సంగతి వివరించక్కర్లేకుండానే తెలుస్తుంది.

ఎత్తు ఏ దిక్కుకు పోయింది?

కథ ఎంచుకున్నాక చేయవలసిన మొదటి పని ఇదే. కాగితం మీద జిత్తులమారి పేరు రాయండి. దానికి పైన, దానికంటే బలమైనవాళ్ల పేర్లు రాయండి. పక్కన, సాటివాళ్లవి. కింద, తన మీద ఆధారపడ్డవాళ్లవి. ఇప్పుడు ఎత్తు ఎటు వేసిందో ఆ వైపుకు బాణం గీయండి.

బాణం పైకి పోతే చాలాసార్లు ఎత్తు నెగ్గుతుంది. కుందేలు ఏనుగు దగ్గరికి వెళ్లి 'తాడు లాగే పందెం వేద్దామా' అంటుంది, నీటిగుర్రం దగ్గరికి వెళ్లి అదే మాట అంటుంది. మధ్యలో పొదలు. తాడు ఒక కొస ఏనుగుకు, ఇంకో కొస నీటిగుర్రానికి. రెండూ సాయంత్రం దాకా ఒకదాన్నొకటి లాక్కుని, కుందేలుకు ఇంత బలమా అని నోళ్లు వెళ్లబెడతాయి. కొన్ని చోట్ల ఈ పని తాబేలు చేస్తుంది. ఎవరు చేసినా, చిన్నదాన్ని లెక్కచేయని పెద్దవాళ్లకు జరిగిన శాస్తి ఇది. ఇక్కడ 'మోసం తప్పు' అని చెబితే కథను కాలితో తన్నినట్టే.

బాణం పక్కకో కిందికో పోతే మాత్రం ఎత్తు తిరిగొచ్చి నెత్తిన పడుతుంది. కరువొచ్చింది, జంతువులన్నీ కలిసి బావి తవ్వాయి. కుందేలు చెయ్యి కలపలేదు. రాత్రిపూట దొంగతనంగా వచ్చి తాగిపోతోంది. కాపలా ఉన్నవాళ్లకు తేనె రుచి చూపించి, ఇంకా కావాలంటే చేతులు కట్టించుకోవాలని చెప్పి, కట్టేసి మరీ నీళ్లు తాగింది. చివరికి తాబేలు తన వీపంతా బంక పూసుకుని నీళ్లలో రాయిలా పడుకుంది. కుందేలు కాలు పెట్టింది, అంటుకుపోయింది. గమనించండి: ఏనుగును ఏమార్చిన తెలివే ఇక్కడా వాడింది. తెలివి మారలేదు, దిక్కు మారింది. పదిమంది చెమటోడ్చి తవ్విన బావి అది.

దీనికి మినహాయింపులు ఉన్నాయి. కుందేలు, దుమ్ములగొండి కథల్లో కుందేలు ఒక్కోసారి అన్యాయంగానే గెలుస్తుంది. అక్కడ చూడవలసింది కుందేలును కాదు, దుమ్ములగొండి ఏ ఆశతో ఉచ్చులోకి నడిచిందో. బాణం ఎటు గీసినా కథ లొంగకపోతే అది వాదన కోసం పుట్టిన కథ కావచ్చు. పశ్చిమ ఆఫ్రికాలో చివర్న ప్రశ్న వేసి ఆపేసి, తీర్పు వినేవాళ్లకు వదిలేసే కథల సంప్రదాయం బలంగా ఉంది. అలాంటిదాన్ని ముగించడానికి తంటాలు పడకండి. పదేళ్లు దాటిన పిల్లలకు అది పండగ.

పైకి వేసే ఎత్తుకు ఇంత విలువ ఎందుకో చరిత్ర చూస్తే ఇంకా తెలుస్తుంది. బానిసలుగా ఓడల్లో అట్లాంటిక్ దాటించబడ్డవాళ్లు చేతుల్లో ఏమీ లేకుండా వెళ్లారు, కథలు మాత్రం నోట్లో పెట్టుకుని వెళ్లారు. జమైకాలో అనాన్సే ఇప్పటికీ బతికే ఉన్నాడు. కొరడా పట్టుకున్న యజమాని ముందు నిలబడ్డవాళ్లకు, చిరుతను కట్టిపడేసిన సాలీడు వట్టి కాలక్షేపం కాదు. ఈ నేపథ్యం పెద్ద పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

కథను ఎముకలుగా విడదీయడం

కథను వాక్యం వాక్యం బట్టీ పట్టకండి. మధ్యలో ఒక పిల్లవాడు ప్రశ్న వేస్తే గొలుసు తెగిపోతుంది. ఐదు ఎముకలుగా విడదీసి ఒక చీటీ మీద రాసుకోండి: కొరత, మొదటి అడుగు, ఎత్తు, తిరుగుదెబ్బ, గుర్తు. ఇగ్బోలు చెప్పుకునే తాబేలు, పక్షుల కథకు ఆ చీటీ ఇలా ఉంటుంది:

కొరత: కరువు. పక్షులకు ఆకాశంలో విందుకు పిలుపొచ్చింది, తాబేలుకు రాలేదు.
మొదటి అడుగు: ఒక్కో పక్షి దగ్గర ఒక్కో ఈక అరువు తీసుకుని రెక్కలు కట్టుకుంది.
ఎత్తు: విందుకు వెళ్లేటప్పుడు అందరూ కొత్త పేర్లు పెట్టుకోవాలని చెప్పి, తను 'మీరందరూ' అని పెట్టుకుంది. వడ్డించినవాళ్లు ఆ మాట అనగానే మంచివన్నీ తనే తినేసింది.
తిరుగుదెబ్బ: పక్షులు ఎవరి ఈక వాళ్లు పీక్కున్నాయి. మెత్తని సామాన్లు వాకిట్లో పరచమని ఇంటికి కబురు పంపితే, చిలుక గట్టివి పరచమని చెప్పింది.
గుర్తు: పైనుంచి పడింది, డిప్ప ముక్కలైంది, అతికించిన గీతలు నేటికీ ఉన్నాయి.

ఈ కథ తెలుగులో చెప్పేటప్పుడు అసలు చిక్కు ఆ పేరు దగ్గర వస్తుంది. తాబేలు 'ఈ విందు ఎవరి కోసం?' అని అడిగితే ఆకాశంవాళ్లు 'మీ అందరి కోసం' అనాలి. అప్పుడు పేరు 'మీరందరూ'కు కలవదు, ఎత్తు పారదు. పిల్లలు 'అలా అనలేదుగా' అంటారు, నిజమే మరి. ప్రశ్నను మార్చుకోండి: 'అయ్యా, ఈ విందు ముందుగా తినవలసింది ఎవరు?' జవాబు సహజంగానే 'ఇంకెవరు, మీరందరూ!' అని వస్తుంది. అది పలికాక తాబేలు పక్షుల వైపు తిరిగి 'విన్నారుగా' అనాలి. ఆ ఒక్క 'విన్నారుగా' దగ్గర రెండు క్షణాలు ఆగండి. పిల్లల్లో సగం మందికి అప్పుడే వెలుగుతుంది, మిగతా సగం వాళ్ల మొహాలు చూసి తెలుసుకుంటారు. పేరు పెట్టుకునే చోట మాత్రం తొందరగా దాటెయ్యాలి. అక్కడ నొక్కితే ఎత్తు ముందే బయటపడుతుంది.

గొలుసుకట్టు కథలకు వస్తువులతో గుర్తుపెట్టుకునే పద్ధతి మేలు. న్యామే దగ్గరున్న కథలన్నీ కొనడానికి అనాన్సే నాలుగింటిని పట్టి తేవాలి: కొండచిలువ, కందిరీగలు, చిరుత, మ్మోఆతియా అనే అడవి మరుగుజ్జు. కొమ్మ, తీగ అనుకుంటే కొండచిలువ గుర్తొస్తుంది, పొడవు కొలుస్తానని కొమ్మకు కట్టేస్తాడు. సొరబుర్ర అనుకుంటే కందిరీగలు, నీళ్లు చల్లి వాన వచ్చిందని నమ్మించి బుర్రలోకి పిలుస్తాడు. గొయ్యి అంటే చిరుత. బంక బొమ్మ అంటే మరుగుజ్జు. వస్తువులు వరసగా తలుచుకుంటే చాలు, మాటలు వాటంతటవే వస్తాయి.

నిడివి గురించి: ఐదేళ్లలోపు వాళ్లకు ఐదారు నిమిషాలు, ఒకే ఎత్తు, ఒకే పాట. ఆరు నుంచి తొమ్మిదేళ్ల వాళ్లు పది పన్నెండు నిమిషాలు కూర్చుంటారు. నాలుగు బందీల కథను చిన్నవాళ్లకు రెండు బందీలతో చెప్పండి. కొండచిలువనూ కందిరీగలనూ ఉంచి మిగతావి ఇంకో రోజుకు దాచుకోవచ్చు. పైకి చదువుకుంటూ కాకుండా, గొంతెత్తి మూడు నాలుగు సార్లు చెప్పి చూసుకున్నాకే పిల్లల ముందుకు వెళ్లండి.

పాటలోనే దొరికిపోయే దొంగ

ఆఫ్రికాలో కథ చెప్పేవాళ్లు మధ్యలో పాట ఎత్తుకుంటారు, వినేవాళ్లు వంత పాడతారు. పాటను తీసేసి కథ చెప్పడం అంటే వినేవాళ్లను బయట నిలబెట్టడమే. దీన్ని యొరూబాల ఇజాపా కథ ఒకటి తీసుకుని దగ్గరగా చూద్దాం.

ఇజాపాకు, యాన్నిబోకు పిల్లల్లేరు. ఇజాపా బాబాలావో దగ్గరికి వెళ్లాడు. బాబాలావో అంటే ఇఫా జోస్యం చూసి మందిచ్చే పెద్ద. ఆయన కమ్మటి కూర లాంటి మందు వండి ఇచ్చి ఒకటే మాట చెప్పాడు: 'ఇది నీ భార్యకు. నువ్వు రుచి చూడొద్దు, దారిలో చెయ్యి నోటికి తగలనివ్వొద్దు.' దారిలో వాసన. ముందు ఒక వేలు, తర్వాత ఒక ముద్ద, తర్వాత కుండ ఖాళీ. ఇంటికి చేరకముందే పొట్ట ఉబ్బడం మొదలైంది. పాడుకుంటూ వెనక్కి పరిగెత్తాడు.

ఆ పాటలో వంత 'అలుగ్బిన్‌రిన్' అన్న మాట. పిల్లలు దాన్ని ముందే నేర్చుకోవాలి, కథ మధ్యలో నేర్పితే ఊపు పోతుంది. మొదలుపెట్టడానికి ముందు మీరు అని వాళ్లచేత నాలుగైదు సార్లు అనిపించండి, చివర్న చప్పట్లు. పాట ఇలా తెలుగు చేసుకోవచ్చు:

బాబాలావో, వేడుకోను వచ్చా... అలుగ్బిన్‌రిన్
నువ్విచ్చిన మందు గురించే... అలుగ్బిన్‌రిన్
చెయ్యి నోట పెట్టొద్దన్నావు... అలుగ్బిన్‌రిన్
వేరు తట్టి బోర్లా పడ్డా... అలుగ్బిన్‌రిన్
పడ్డ చెయ్యి నోటికి తగిలింది... అలుగ్బిన్‌రిన్
పొట్ట చూస్తే బానెడైపోయింది... అలుగ్బిన్‌రిన్

నాలుగో పంక్తి దగ్గరే ఈ కథ ప్రాణం ఉంది. ఇజాపా వేరు తట్టి పడలేదు. పిల్లలకు తెలుసు, వాళ్ల కళ్ల ముందే కుండ నాకాడు. పొట్ట గురించి నిజం చెబుతున్నాడు, కారణం గురించి అబద్ధం చెబుతున్నాడు, అదీ ప్రాణభయంతో వైద్యుడి ముందు నిలబడి. పిల్లలు వంత పాడుతూనే సాక్షులవుతారు. ఆ పంక్తి మొదటిసారి మామూలుగా పాడండి. రెండోసారి పాడేటప్పుడు 'వేరు తట్టి...' అని ఆగి, వాళ్ల వైపు చూసి, గొంతు తగ్గించి 'బోర్లా పడ్డా' అనండి. ఎవరో ఒకరు 'అబద్ధం!' అని అరుస్తారు. ఆ అరుపు వచ్చాక మీరు నీతి చెప్పవలసిన పని లేదు.

పాట మూడు సార్లకు మించి వద్దు. ప్రతిసారీ పొట్ట పెరుగుతుంది కనుక పాట నెమ్మదించాలి, ఆయాసం రావాలి. ముగింపు చెప్పేవాళ్లను బట్టి మారుతుంది, ఇజాపా బతకవచ్చు, పొట్ట పగలవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలున్నప్పుడు బాబాలావో విరుగుడు ఇచ్చాడని చెప్పండి, కానీ యాన్నిబోకు మందు మిగల్లేదన్న మాట వదలకండి. ఎత్తు కిందికి, ఇంట్లో మనిషి మీదికి పోయింది. నష్టపోయింది ఆమె.

చప్పుళ్ల విషయంలో తెలుగువాళ్లకు మంచి ఆస్తి ఉంది. ఆఫ్రికా భాషల్లో కథకులు ధ్వనిమాటలను విరివిగా వాడతారు. తెలుగులో గబగబా, బుడుంగుమని, దబ్బుమని, జరజరా, చిటపటా అన్నీ సిద్ధంగా ఉన్నాయి. కొండచిలువ జరజరా రావాలి, తాబేలు దబ్బున పడాలి, కందిరీగలు జుయ్యిమనాలి. ఒక్కో జంతువుకు ఒక్కో చప్పుడు కేటాయించి కథంతా మార్చకుండా వాడండి. గొంతులు మార్చడం మాత్రం ఇద్దరు పాత్రలకే పరిమితం చేసుకోవడం మేలు. నలుగురికి నాలుగు గొంతులు పెడితే మూడో నిమిషంలో ఏది ఎవరిదో మీకే గుర్తుండదు.

తలుపు తీసే మాట, వేసే మాట

కథ ఏ జాతిదైతే ఆ జాతి పిలుపుతోనే మొదలుపెట్టండి. స్వాహిలీలో చెప్పేవాళ్లు 'పౌక్వా!' అంటారు, వినేవాళ్లు 'పకావా!' అంటారు. యొరూబాలో 'ఆలో ఓ!' అంటే 'ఆలో!' అని జవాబు. షోనాలో 'పైవాపో' అంటూ మొదలుపెడితే మధ్యమధ్యలో 'జెప్ఫుండే' అని ఊ కొడతారు. హౌసా పిలుపుకు అర్థం 'ఇదిగో వచ్చింది', జవాబుకు అర్థం 'రానీ, విందాం'. జూలూలో 'క్వేసుకేసుకేలా' అంటే వినేవాళ్లు 'కోసి' అంటారు. ఆ మాటలో మొదటి శబ్దం 'క' కాదు. జాలిపడినప్పుడు నాలుక పళ్లకు తాకించి 'చ్చ్' అంటామే, ఆ చప్పుడు చేసి వెంటనే 'ఓసి' కలపాలి. పిల్లలకు ఇది నేర్పడానికి అర నిమిషం చాలు, అది లేకుండా జూలూ కథ చెప్పడం నష్టం.

అకాన్ల ఆరంభం అన్నిటికంటే నాకిష్టమైనది. 'మేం చెప్పబోయేది నిజమని అనడం లేదు, నిజమని అనడం లేదు' అని మొదలుపెడతారు. పెద్దవాళ్ల తప్పులు, దేవుడి పొరపాట్లు కూడా ధైర్యంగా చెప్పుకోవడానికి ఆ మాట దారి ఇస్తుంది. ముగించేటప్పుడు, కథ తియ్యగా ఉన్నా లేకపోయినా కొంత మీరు పట్టుకుపోండి, కొంత నాకు తిరిగి రానివ్వండి అంటారు. షోనా కథకులు 'సరుంగానో ఇక్కడే చనిపోయాడు' అని ఆపేస్తారు. సరుంగానో అంటే కథ చెప్పేవాడు. చిన్నపిల్లలు భయపడతారనుకుంటే కథ సొంతదారు ఇక్కడ నిద్రపోయాడనండి.

చాలా చోట్ల కథలు రాత్రి మాత్రమే చెబుతారు. పగలు చెబితే కొమ్ములు మొలుస్తాయని జూలూలు పిల్లలను బెదిరిస్తారు. పగటి పనులు చెడకూడదన్న జాగ్రత్త అందులో ఉంది. పగలు చెప్పవలసి వస్తే కిటికీలు మూసి దీపం తగ్గించండి, కొమ్ముల సంగతీ చెప్పండి. పిల్లలు తల తడుముకుంటూ వింటారు.

నీతి దగ్గర చెయ్యి ఎక్కడ పెట్టాలి

'అందుకే తాబేలు డిప్ప మీద గీతలున్నాయి' అన్నది నీతి కాదని గుర్తుంచుకోండి. అది కథకు వేసిన తాళం. పిల్లలు తర్వాత ఎప్పుడు తాబేలును చూసినా కథ గుర్తు రావడానికి పెట్టిన గుర్తు. నీతి ఆ గీతలకు ముందు జరిగినదాంట్లో ఉంటుంది. చాలామంది ఈ రెండూ కలిపేసి 'అత్యాశ పడితే డిప్ప పగులుతుంది' అంటారు. ఆ మాట పిల్లలకు ఎక్కడా పనికిరాదు. అరువు ఈకలతో ఎగిరినవాడు ఈకలిచ్చినవాళ్లనే పస్తుపెట్టాడన్నది పనికొస్తుంది.

కథ ముగిశాక ఇరవై క్షణాలు ఏమీ మాట్లాడకండి. ఆ తర్వాత తీర్పు అడగని ప్రశ్న ఒకటి వేయండి. 'తాబేలు చేసింది తప్పా?' అంటే అందరూ తప్పే అంటారు, మాట అక్కడితో చస్తుంది. 'నువ్వు చిలుకవైతే ఏమని కబురు చెప్పేదానివి?' అని అడగండి. చిలుక అబద్ధం చెప్పింది కదా అని ఒకరంటారు, తాబేలే ముందు చేసింది అని ఇంకొకరంటారు. ఆ వాదన నడవనివ్వండి, మధ్యలో దూరకండి. ఇలాంటి ప్రశ్నలు రెండు చాలు.

ఒకే నీతి రెండు జాతుల్లో ఎలా ఉందో పోల్చడం కూడా బాగా పనిచేస్తుంది. అనాన్సే రెండు ఊళ్ల విందులూ వదులుకోలేక నడుముకు రెండు తాళ్లు కట్టుకున్నాడు. ఏ ఊళ్లో వడ్డన మొదలైతే అక్కడి కొడుకు తాడు లాగాలి. రెండు చోట్లా ఒకేసారి వడ్డించారు, ఇద్దరూ లాగారు, నడుము సన్నబడిపోయింది. స్వాహిలీలో 'రెండు దారులు దుమ్ములగొండిని ఓడించాయి' అని సామెత ఉంది. రెండు దారుల నుంచీ మాంసం వాసన వస్తుంటే ఏదీ వదల్లేక రెండింటి మీదా కాళ్లేసి నడవబోయి చీలిపోయిన దుమ్ములగొండి కథ అది. రెండూ వేర్వేరు పూటల్లో చెప్పి, ఆ తర్వాత ఎవరు ఎక్కువ తెలివితక్కువ పని చేశారో అడగండి. తాళ్లు కట్టించినవాడు ముందే ఆలోచించి మరీ చెడ్డాడని పిల్లలే పట్టుకుంటారు.

కొన్ని కథల్లో నీతి జిత్తులమారి నోటి నుంచే వస్తుంది, దాన్ని పాడుచేయకండి. అనాన్సే లోకంలోని జ్ఞానమంతా కుండలో నింపి చెట్టు మీద దాచబోయాడు. కుండ పొట్టకు కట్టుకుని ఎక్కుతుంటే మోకాళ్లకు అడ్డం పడుతోంది. కింద నుంచి న్టికుమా 'నాన్నా, వీపుకు కట్టుకో' అన్నాడు. జ్ఞానమంతా తన దగ్గరే ఉందనుకున్నవాడికి పసివాడు చెప్పాల్సివచ్చింది. కుండ జారింది, జ్ఞానం చెదిరిపోయింది, తలా కాస్త ఏరుకున్నారు. ఇక్కడ న్టికుమా మాటను నెమ్మదిగా, వెక్కిరింపు లేకుండా పలకాలి. కొడుకు నిజంగా సాయం చేయబోయాడు. వెక్కిరిస్తే తండ్రి ఓడిపోయిన కథగా మిగిలిపోతుంది.

వారం తర్వాత పిల్లల్లో ఒకరిచేత అదే కథ చెప్పించండి. దిద్దకుండా వినండి, ఏది మిగిలిందో ఏది రాలిపోయిందో చీటీ మీద గుర్తు పెట్టుకోండి. ఇజాపా కథలో వేరు తట్టి పడ్డానన్న అబద్ధం మిగిలితే మీరు బాగా చెప్పినట్టు. ఉబ్బిన పొట్ట మాత్రమే మిగిలితే, ఈసారి నాలుగో పంక్తి దగ్గర ఇంకాస్త ఎక్కువసేపు ఆగాలి.